ప్రశ్నల లెక్క కన్నా అనుబంధ ప్రశ్న ముఖ్యం

ఎంపీలు ఎన్ని ప్రశ్నలు వేశారో లెక్కగట్టి ర్యాంకులిచ్చిన ఈ వ్యాసం నాకు సగమే నచ్చింది. లోక్‌సభలో రోజుకు 20 నక్షత్ర గుర్తు ప్రశ్నలు (మంత్రి సభలో నోటితో జవాబు చెప్పాల్సినవి), 230 గుర్తు లేనివి. రెండో రకానికి వచ్చేది రాతపూర్వక జవాబు. "(ఎ) నుంచి (డి) వరకు: వివరాలు సేకరిస్తున్నాం, సభ ముందు ఉంచుతాం" అని ఒక్క వాక్యంతో తేల్చేసినా ఆ ఎంపీ ఖాతాలో ప్రశ్న పడుతుంది. ఇక ర్యాంకుకేం లోటు!

మంత్రికి చెమట పట్టేది అనుబంధ ప్రశ్నకే, అంటే ఆయన నోటి జవాబు విన్నాక దాని మీద సభలో అప్పటికప్పుడు అడిగే ప్రశ్నకే. అధికారులు రాసిచ్చిన కాగితం అక్కడ పూర్తిగా ఆదుకోదు. 1957లో జీవిత బీమా సంస్థ సొమ్ము వ్యాపారి హరిదాస్ ముంద్రా కంపెనీల్లోకి ఎలా వెళ్లిందని కాంగ్రెస్ ఎంపీ ఫిరోజ్ గాంధీ పట్టుకున్నారు. ఆయనది అధికార పక్షమే, గుర్తుంచుకోండి. విచారణ జరిగి, 1958లో ఆర్థిక మంత్రి టి.టి. కృష్ణమాచారి రాజీనామా చేశారు. అది ఏ ర్యాంకుల పట్టికలోకి ఎక్కుతుంది?

వ్యాసకర్త వదిలేసిన సంగతి ఇంకొకటి. "పరిశీలిస్తాం", "సేకరిస్తున్నాం" అని మంత్రి సభలో అంటే అది హామీ కిందికి వస్తుంది. మూడు నెలల్లో నెరవేర్చాలి. ఆ పని చూడటానికి ప్రభుత్వ హామీల కమిటీ ఉంది. గడువు పొడిగించమనీ, అసలు హామీనే రద్దు చేయమనీ శాఖలు ఆ కమిటీకి అర్జీలు పెట్టుకుంటుంటాయి. కమిటీ నివేదికలు లోక్‌సభ వెబ్‌సైటులోనే ఉంటాయి. ఏ శాఖ ఎన్ని హామీలు నాన్చిందో వచ్చే వ్యాసంలో రాయండి, చదువుతాను.