హంద్రీకి లేచే వంతెన కావాలి

కర్నూలులో హంద్రీ నది మీద లేచే వంతెన ఒకటి కట్టి తీరాలి, అంటే నడుమ రెండుగా విడిపోయి రెండు పలకలూ పైకి లేచేది. పడవలేవీ అని అడిగేవాళ్లుంటారు. లండన్ టవర్ బ్రిడ్జి 1894లో ఓడల కోసం లేచింది, రామేశ్వరం దీవికి వెళ్లే పాంబన్ వంతెన 1914లో ఓడల కోసమే లేచింది. మనది ఇసుక ట్రాక్టర్ల కోసం లేస్తుంది, తప్పేముంది? మనకు దీవులేవీ అంటారా, 2009 అక్టోబరు వరదలో చూశాం కదా. ఇప్పుడైతే గంట వాన చాలు, ఏ కాలనీకి ఆ కాలనీ దీవే.

నడిపే పద్ధతి సులువే. గంట మోగాలి, ఎర్రదీపం వెలగాలి, గేట్లు దిగాలి, వంతెన మీద మనిషి లేడని చూసుకోవాలి. రెండు పలకల కొసలను కలిపిన గడియలు వెనక్కి లాగాకే మోటారు. మనిషి లేకపోవడమే కష్టం. గేటు కింద బైకు వంచి దూర్చేవాడు "ఒక్క నిమిషం ఆగన్నా" అంటూనే ఉంటాడు.

మోటారు చిన్నదైనా చాలు. ఇరుసుకు ఇవతల పలక, అవతల ఎదురుబరువు. తక్కెడలా రెండూ దాదాపు సరితూగుతాయి. ఆ తూకం చెడగొట్టడానికి మన దగ్గర తారు ఉంది. 20 మీటర్ల పొడవు, 8 మీటర్ల వెడల్పు పలక మీద 5 సెంటీమీటర్ల తారు పోస్తే సుమారు 18 టన్నులు. ఎన్నికలకో పొర, పాతది గీకే ఆచారం మనకు లేదు. ఎదురుబరువు ఇరుసుకు దగ్గరగా ఉంటుంది కాబట్టి ఆ 18 టన్నులకు అంతకు మించిన బరువు దిమ్మెలు ఎదురుబరువు గూళ్లలో వేయాలి. దిమ్మెల బిల్లు వస్తుంది, దిమ్మెలు రావు. రెండో పొరకు మోటారు మూలుగుతుంది, మూడో పొరకు కాలిపోతుంది. బరువు తగ్గాలని చాలాచోట్ల తారు బదులు ఇనుప జాలీ పరుస్తారు. ఇక్కడ పరిస్తే తెల్లారేసరికి పాత ఇనుము కొట్లో ఉంటుంది.

నిలువుగా లేచిన పలకకు ఫ్లెక్సీ కట్టరాదని ముందే జీవో ఇవ్వాలి. గాలికి 160 చదరపు మీటర్ల తెరచాప అది.

ఆఖరిది ఎండ. 20 మీటర్ల ఉక్కు 30 డిగ్రీలు వేడెక్కితే 7 మిల్లీమీటర్లు సాగుతుంది, రెండు పలకలకు 14. నడుమ అంత సందు లేకపోతే కొసలు ఇరుక్కుంటాయి. 2024 జులైలో న్యూయార్క్ థర్డ్ అవెన్యూ వంతెన ఇలాగే ఉబ్బి, తెరిచింది తెరిచినట్టే ఉండిపోయింది; పడవల్లోంచి నీళ్లు కొట్టి చల్లబరిచారు. మే నెల హంద్రీలో కొట్టడానికి నీళ్లెక్కడివి? ట్యాంకర్ తెప్పించాలి. ట్యాంకరేమో అవతలి ఒడ్డున ఉంటుంది.