హాలులోని షోకేసు గారికి బహిరంగ లేఖ

అయ్యా షోకేసు గారూ,

మీ అద్దాల వెనక అందరూ క్షేమమేనని తెలుసు. క్షేమంగా ఉండడం తప్ప వారికి మీరు వేరే పని మిగల్చలేదు.

రెండో అరలోని కొండపల్లి అంబారీ ఏనుగు ఏళ్ల తరబడి ఒకే అడుగు ముందుకు వేసి నిలబడింది. దాని పుట్టుక మీకు తెలుసో లేదో. తెల్ల పొణికి కర్రను కాచి, తేమ పోగొట్టి, కాళ్లూ తొండమూ విడివిడిగా చెక్కి, చింతగింజల పొడీ రంపపు పొట్టూ కలిపిన మక్కుతో అతికిస్తారు. ఆ కర్ర ఎంత తేలికంటే, నాలుగేళ్ల పాప కూడా ఆ ఏనుగును ఒంటి చేత్తో ఎత్తి మంచం దాటించగలదు. ఏనుగును ఎత్తే యోగం మనిషికి ఆ వయసులోనే ఉంటుంది. దాన్ని మీరు తాళం వేసి రద్దు చేశారు.

ఏటికొప్పాక లక్క బొమ్మల సంగతి మరీ విడ్డూరం. అంకుడు కర్ర, గింజల నుంచీ ఆకుల నుంచీ బెరళ్ల నుంచీ తీసిన రంగులు. పసిపిల్లలు నోట్లో పెట్టుకున్నా భయం లేదని పేరు. 2017లో భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. మీరేమో వాటి మధ్య కలరా ఉండలు పెట్టించుకున్నారు!

బొమ్మ ముఖంలో ఎంత తక్కువ ఉంటే పిల్లలకు అంత పని దొరుకుతుంది. ప్లాస్టిక్ ముక్కలు అతికించి ఆడే లెగో ఆటలో 1978లో వచ్చిన చిన్న మనిషి బొమ్మకు రెండు చుక్కల కళ్లు, ఒక నవ్వు. 1989 వరకు దాదాపు అందరికీ అదే ముఖం. పోలీసుదీ అదే నవ్వు, నర్సుదీ అదే నవ్వు, ఇల్లు తగలబడుతుంటే వచ్చిన ఫైరింజను మనిషిదీ అదే నవ్వు. కోపం, ఏడుపు, కుట్ర, పశ్చాత్తాపం అన్నీ పిల్లలే సమకూర్చుకున్నారు. మీ దగ్గర ఆ ముఖాలకు సమకూరేది దుమ్ము.

పెద్దలు ఆడుకోరని మీరు చేసే ప్రచారం కూడా నమ్మశక్యంగా లేదు. సంక్రాంతి కొలువుకు మీ తాళం తీసినప్పుడు చూడాలి మా వదినను. దశావతారాల పక్కన కల్లుగీత మనిషి, పెళ్లి పల్లకి వెనక ప్లాస్టిక్ పోలీసు జీపు, ఇసుక పోసిన ఊరు, అద్దం ముక్కతో చెరువు. బావి దగ్గరి అమ్మాయిని అరగంట పరిశీలించి గుడి వైపు తిప్పింది. ఎందుకమ్మా అంటే, “చీకటి పడేలోగా ఇల్లు చేరాలి కదా” అంది. అరవై దాటిన మనిషి! దీన్ని సంప్రదాయం అంటారట. సరే, కానివ్వండి.

మీ బంధువర్గం విదేశాల్లోనూ ఉంది. అక్కడ సేకరణకర్తల లోకంలో పెట్టె విప్పని బొమ్మకే గౌరవం, పిల్లవాడి వేలు తగిలితే ధర పడిపోతుంది. 1977 క్రిస్మస్‌కు కెన్నర్ కంపెనీ స్టార్ వార్స్ బొమ్మలను సకాలంలో తయారు చేయలేక, ఒక్క బొమ్మా లేని అట్ట ప్యాకెట్టును అమ్మింది. అందులోని చీటీ పంపితే మరుసటి ఏడాది బొమ్మలు వస్తాయి. ఈలోగా వాటిని నిలబెట్టుకోవడానికి అట్ట వేదిక మాత్రం ముందే ఇచ్చారు. బొమ్మ కన్నా ముందు షోకేసు పుట్టిందన్నమాట! మీ వంశ చరిత్రలో అంతటి ఘనత మరొకటి ఉండదు.

ఇక నా కోరిక. ఏనుగున్న రెండో అర తాళం తీసి ఉంచండి. తొండం విరుగుతుందంటారా? అతికించినదే కదా, మళ్లీ అతుకుతుంది. తల ఊపే తంజావూరు బొమ్మను మాత్రం పై అరలోనే ఉండనివ్వండి. దాన్ని వేలితో తట్టి, ఆగేదాకా చూసి, ఏమీ ఎరగనట్టు పేపరు తీసుకునే రిటైరైన పెద్దమనిషి ఒకరున్నారు. ఆయన ఆటకు అడ్డు రాను.

వేసవి సెలవులకు మనవలు నలుగురూ వస్తున్నారు. చిన్నవాడికి అద్దం పక్కకు జరపడం వచ్చేసింది. ఇది బెదిరింపు కాదు, ముందస్తు సమాచారం.

ఇట్లు,
వారానికోసారి మీ అద్దాలు తుడిచే మనిషి