మెంతులు మొలకెత్తించడానికి అంత దూరమా?

"మెంతులు, పెసలు మొలకెత్తించడానికి అంతరిక్షం దాకా పోవాలా" అని మన వ్యోమగామి శుభాంశు శుక్లా ప్రయోగాల మీద వెటకారం చేసేవాళ్లకి ఒక్క మాట. 2025 జూన్‌లో ఆక్సియం-4 అనే ప్రైవేటు అంతరిక్ష యాత్రలో వెళ్లి 18 రోజులు స్పేస్ స్టేషన్‌లో ఉన్న ఆయన అక్కడ మన దేశానివే 7 ప్రయోగాలు చేశారు, అందులో ఈ మొలకలు ఒకటి. వేరు కొసన ఉండే కణాల్లో సన్నటి పిండి రేణువులు ఉంటాయి, అవి బరువుకి అడుగుకి జారితేనే కింద ఎటుందో వేరుకి తెలుస్తుంది. మరి బరువే తెలియని అక్కడ అవి జారవు కదా, వేరు ఎటు పోవాలి? చూడ్డానికి చిన్న ప్రశ్నే, కానీ నెలల తరబడి సాగే ప్రయాణాల్లో తిండి పండించుకోవాలంటే ముందు ఇదే తేలాలి. మొలిచిన గింజల్ని ఫ్రీజర్‌లో దాచారు, కిందికి తెచ్చాక కొన్ని తరాలు పెంచి జన్యువులు, పోషకాలు ఏమైనా మారాయా అని చూడాలని ప్లాన్. ఇక ఆ ఏడింటిలోనే ఉన్న కండరాల ప్రయోగం సంగతి సరేసరి, రోజూ దాదాపు 2 గంటలు వ్యాయామం చేసినా అక్కడ కండ తగ్గుతూనే ఉంటుంది, ఎందుకో కణాల స్థాయిలో వెతుకుతున్నారు. మంచాన పడ్డ ముసలివాళ్లలో తగ్గేదీ ఆ కండే. నాకైతే ఆ ఏడింటిలో ఇంకోటైన నీటి ఎలుగుబంట్ల (టార్డిగ్రేడ్‌లు అనే, అర మిల్లీమీటరు ఉండే ఎనిమిది కాళ్ల బుల్లి జీవులు) ప్రయోగం ఫలితాల కోసమే ఆత్రంగా ఉంది.