నూనె మంచిదే, కానీ ఎండకు అడ్డం పెట్టేది కాదు

"సన్‌స్క్రీన్‌లో అన్నీ కెమికల్సే, మానేయండి. క్యారెట్ గింజల నూనె రాస్తే చాలు, ఎస్‌పీఎఫ్ 40 ఉంటుంది." ఎస్‌పీఎఫ్ అంటే ఎండకు చర్మం కందకుండా ఎంత కాపాడుతుందో చెప్పే అంకె. ఈ మాట ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. చూసినప్పుడల్లా ఒళ్లు మండిపోతుంది. ఎందుకంటే ఒకప్పుడు నేనూ నమ్మాను.

కొబ్బరి నూనె, షియా బటర్ (షియా గింజల కొవ్వు) కరిగించి, ఎండను అడ్డుకునే జింక్ ఆక్సైడ్ పొడి కలిపి ఇంట్లోనే సన్‌స్క్రీన్ చేసుకున్నాను. చల్లారాక తెల్లగా, వెన్నలా భలే వచ్చింది. వేలితో తీసి అరచేతిలో రుద్దితే మాత్రం సన్నటి పలుకులు తగిలాయి. పట్టించుకోలేదు. అదే రాసుకుని మధ్యాహ్నం రెండు గంటలు ఎండలో ఉన్నాను. సాయంత్రానికి ముక్కు, బుగ్గలు కందిపోయాయి. అంతటా ఒకేలా కూడా కాదు, అట్లాసుల్లో దేశాల్లా ముక్కలు ముక్కలుగా. జింక్ గడ్డకట్టిన చోట చర్మం మామూలుగానే ఉంది, ఉత్త నూనె ఉన్న చోట ఎర్రబడింది. చర్మమంతా సమానంగా పరుచుకునేలా ఆ పొడిని విడదీయడానికి ప్రత్యేకమైన యంత్రాలు, పదార్థాలు కావాలి. గిన్నెలో గరిటెతో తిప్పితే అయ్యే పని కాదని ముఖం కాలాకే తెలిసింది.

మరి నూనెలకు చెప్పే ఎస్‌పీఎఫ్ అంకెలు ఎక్కడివి? 2010లో వచ్చిన ఒక పరిశోధనలో కొబ్బరి, ఆలివ్ నూనెలకు 7 - 8 దాకా, నువ్వుల నూనెకు 2 దగ్గర వచ్చింది. అది కూడా నూనెను పలుచన చేసి యంత్రంలో కొలిచిన లెక్క, మనిషి చర్మం మీద కాదు. అసలు ఎస్‌పీఎఫ్ పరీక్షలో చదరపు సెంటీమీటరుకు 2 మిల్లీగ్రాముల చొప్పున మనుషుల చర్మానికి రాసి, ఎంత అతినీలలోహిత (యూవీ) కాంతి పడితే ఎర్రబడుతుందో చూస్తారు. పైగా ఎస్‌పీఎఫ్ చెప్పేది ముఖ్యంగా చర్మాన్ని కందించే యూవీబీ కిరణాల గురించే. చర్మాన్ని లోతుగా దెబ్బతీసే యూవీఏ కిరణాల సంగతి వేరు, వాటి నుంచీ కాపాడుతుందని చెప్పే బ్రాడ్ స్పెక్ట్రమ్ అనో, పీఏ అనో డబ్బా మీద ఉందా అని చూసుకోవాలి. సీసాలో నూనె మీద ఆ హామీ ఏదీ ఉండదు.

ఇలా అన్నానని నూనెలంటే పడదనుకోకండి. నాకు చాలా ఇష్టం. చర్మం పొడిబారినప్పుడు తేమ పోకుండా ఆపడంలో వాటి పని వాటిదే. పొద్దుతిరుగుడు నూనెలో లినోలిక్ ఆమ్లం ఎక్కువ, అది చర్మం పైపొరకు మేలు చేస్తుంది. ఆలివ్ నూనెలో ఎక్కువుండే ఒలీక్ ఆమ్లం మాత్రం ఎగ్జిమా (చర్మం పొడిబారి దురద పెట్టే జబ్బు) ఉన్నవాళ్లకు ఆ పొరను ఇంకా బలహీనపరచవచ్చు. "సహజం" అన్న ఒక్క మాట ఈ తేడా చెప్పదు. సన్‌స్క్రీన్ తయారీలోనూ మొక్కల నూనెలు వాడతారు, జిగురుగా ఉండకుండా, జింక్ ఆక్సైడ్ లాంటి ఫిల్టర్లు బాగా కలిసేలా. ఎండను ఆపేది ఆ ఫిల్టర్లే.

నిమ్మ, బెర్గమోట్ (నారింజ జాతి పండు) తొక్క నుంచి తీసే నూనెల విషయంలో మరీ జాగ్రత్త. వాటిలోని ఫ్యూరోకౌమరిన్లు అనే పదార్థాలు ఎండ తగిలితే చర్మాన్ని కాల్చి, బొబ్బలు లేపి, నెలల తరబడి పోని నల్ల మచ్చలు వదులుతాయి. ముఖానికి సువాసన కోసం రెండు చుక్కలు వేసుకుని బయటికి వెళ్లేవాళ్లను తలుచుకుంటేనే టెన్షన్.

నేను ఇప్పుడు నూనె రాత్రి పూటే రాసుకుంటాను. పొద్దున బ్రాడ్ స్పెక్ట్రమ్ సన్‌స్క్రీన్, దాని మీద నూనె మళ్లీ ముట్టను, రాస్తే ఆ పొర చెదిరిపోతుంది. బయట ఉంటే రెండు గంటలకోసారి మళ్లీ రాస్తాను.

ఎక్కువ కోపం వచ్చేది మాత్రం ఈ నూనెలను సన్‌స్క్రీన్‌కు బదులు పసిపిల్లలకు రాయమని చెప్పేవాళ్ల మీద. ఆరు నెలలు నిండని బిడ్డకు నూనె రాసి ఎండలోకి తీసుకెళ్లకండి. నీడలో ఉంచండి, టోపీ పెట్టండి, ఒళ్లంతా కప్పే పలుచటి నూలు బట్టలు వేయండి.