ఆ లెక్కలో ఆ పిల్ల ఎక్కడ?

కందుకూరు బస్టాండులో మొన్నొక సాయంత్రం చూశాను. ఇంటర్ చదివే కూతురి చేతిలోంచి తల్లి ఫోను లాక్కుని మెసేజీలు వెతుకుతోంది. "రేపు నీ చెల్లెలికి సంబంధాలు రావద్దా?" అని పళ్లు కొరుకుతోంది. పక్కనే అన్న తన ఫోనులో మునిగి ఉన్నాడు. వాడి ఫోను జోలికి ఆమె పోలేదు.

ఈ వయసు పిల్లల ప్రేమల మాటొస్తే మనం పోక్సో (పిల్లలపై లైంగిక నేరాల చట్టం), అందులోని 18 ఏళ్ల నిబంధన దగ్గరే ఆగిపోతాం. అవన్నీ తెలిసినవే. నా బాధ అంతకు ముందున్న క్షణం గురించి. అబ్బాయి కలవమని అడిగినప్పుడు ఆ పిల్ల మనసులో ఏ లెక్క నడుస్తుంది? అమ్మ ఎట్టా తలెత్తుకుంటది, నాన్న చదువు మాన్పిస్తాడా, కాదంటే అతను బాధపడతాడేమో. అందరూ ఉన్న ఆ లెక్కలో తను మాత్రం ఉండదు. అబ్బాయి లెక్క చిన్నది: దొరికిపోతానా, స్నేహితుల ముందు పలచనవుతానా.

మనిషి మంచీ చెడూ తేల్చుకునే తీరుకు మెట్లు కట్టిన మనస్తత్వవేత్త లారెన్స్ కోల్‌బర్గ్ 1958 నాటి తన తొలి పరిశోధన మగపిల్లల మీదే చేశాడు. ఆ కొలబద్దే వంకర, ఆడవాళ్లు ఆలోచించే తీరు వేరు అని 1982లో మరో మనస్తత్వవేత్త కరోల్ గిల్లిగన్ చెప్పారు. గర్భం ఉంచుకోవాలా వద్దా అని తేల్చుకోలేక నలుగుతున్న 29 మంది ఆడవాళ్లతో ఆమె మాట్లాడారు. వాళ్లలో చిన్నవాళ్లకు 15 ఏళ్లు. ఆమె గమనించిన క్రమం ఇది: మొదట నేను బయటపడితే చాలు. తర్వాత, మంచిదాన్ననిపించుకోవడానికి నా ఇష్టాన్ని చంపుకుంటాను. ఆ పైమెట్టులో, అందరితో పాటు నన్నూ లెక్కలో వేసుకుంటాను. మనం ఆడపిల్లల్ని రెండో మెట్టు మీదే నిలబెట్టి 'బుద్ధిమంతురాలు' అని మెచ్చుకుంటున్నాం. నాకు ఒళ్లు మండేది ఇక్కడే. పరుల కోసమే వద్దనడం నేర్చిన పిల్ల, పరుల కోసమే సరేనంటుంది కూడా. రాకపోతే చెయ్యి కోసుకుంటానని వాడు బెదిరిస్తే, 'నాకిష్టం లేదు' అనే మాట ఆమె నోటికి రాదు. ఆ మాట అలవాటు చేసిందెవరు?

ఆడా మగా ఆలోచనల్లో అంత తేడా లేదని తర్వాతి పరిశోధకులు గిల్లిగన్‌ను గట్టిగానే విమర్శించారు. ఒప్పుకుంటాను. పుట్టుకతో లేని తేడా అయితే, మన ఇళ్లల్లో మనం పెంచిందే. మగపిల్లకాయలకూ వేరేగా నేర్పొచ్చు.

ఇదంతా ఇంటి గుట్టు, బయట మాట్లాడకూడదంటారా? సారా గొడవ కూడా మన నెల్లూరు జిల్లాలో ఒకప్పుడు ఇంటి గుట్టే. మొగుడు తాగొచ్చి కొడితే తలుపేసుకుని ఏడ్చేవాళ్లు. దూబగుంట అనే ఊళ్లో అక్షరాస్యత తరగతికి వెళ్లిన ఆడవాళ్లు వాచకంలో పాఠం చదివి, ఇది మన ఇంటి కథే గదా అనుకున్నారు. ఆ ఊరి రోశమ్మా, ఆమె వెంట నడిచిన వాళ్లూ సారా కొట్టు మూయించారు. 1993 అక్టోబరుకల్లా రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. పిల్లల ఆకలినీ తమ ఒంటి మీది దెబ్బనూ వాళ్లు ఒకే లెక్కలో వేశారు. గిల్లిగన్ చెప్పిన పైమెట్టు అదే.

పదో తరగతిలో ప్రత్యుత్పత్తి పాఠం రాగానే "ఇంటి దగ్గర చదువుకోండి" అని పేజీలు తిప్పేసే మాస్టార్లు ఇంకా ఉన్నారు. చెప్పే టీచర్లు కూడా బొమ్మ గీసి, పేర్లు రాయించి వదిలేస్తారు. ఆ గంటలో అమ్మాయిలూ అబ్బాయిలూ ఒకే గదిలో కూర్చోవాలి. 'నీకు ఇష్టమేనా' అని ఆమెను అడగాలి. 'ఆమెకు ఏమవుతుందో ఆలోచించావా' అని అతన్ని అడగాలి, జవాబు చెప్పేదాకా నిలబెట్టాలి.