అంట్లు తోమడం: ఏ ఇంగ్లీషులో?

(గుంటూరు, బ్రాడీపేట. స్పోకెన్ ఇంగ్లీషు తరగతి అయిపోయింది. ఇంటిపనుల మీద గృహిణులు రాసిన వాక్యాలను సరళ దిద్దుతోంది. చిన్నప్పుడు ఆమెకు చదువు చెప్పిన ఇంగ్లీషు మాస్టారు పక్కనే ఉన్నారు.)

మాస్టారు: ‘ఐ వాష్ ద వెసెల్స్’ అని రాస్తే వదిలేశావేంటమ్మాయ్? ‘ఐ డూ ద డిషెస్’ అనొద్దూ?

సరళ: మన దేశంలో ఎక్కడన్నా అర్థమవుతుంది మాస్టారూ.

మాస్టారు: వీళ్లలో పిల్లల దగ్గరికి డాలస్ వెళ్లేవాళ్లున్నారు. అక్కడ వెసెల్ అనగానే ఓడో, రక్తనాళమో గుర్తొస్తుంది.

సరళ: మరి లండన్ వెళ్లేవాళ్లకి? అక్కడ ‘డూ ద వాషింగ్ అప్’ అంటారు. అమెరికాలో ‘వాష్ అప్’ అంటే చేతులూ మొహమూ కడుక్కోవడం. ఏది పట్టుకోమంటారు?

మాస్టారు: అందుకని ఏదైనా సరేనా? ‘మేక్ ద బెడ్’, ‘డూ ద లాండ్రీ’. ఎక్కడ మేక్, ఎక్కడ డూ అన్నది తర్కంతో తేలదు. నోటికి పట్టించాల్సిందే.

సరళ: పట్టిస్తున్నాను. ‘హౌస్‌వర్క్స్’ అన్నా ఒప్పుకోను, దానికి బహువచనం లేదు. కానీ ఇది చూడండి: ‘ఎవ్రీ మార్నింగ్ ఐ విల్ స్వీప్’. మనకి ‘రోజూ ఊడుస్తాను’, ‘రేపు ఊడుస్తాను’ ఒకే క్రియాపదం. అందుకే ఇక్కడ ‘విల్’ చొరబడింది. రోజూ చేసే పనికి ‘ఐ స్వీప్’ చాలు. ఇంకొకావిడ పనమ్మాయి చేత తోమించి ‘ఐ వాష్డ్’ అని రాసింది. తోమిందెవరు? ‘ఐ గాట్ ద డిషెస్ వాష్డ్’ అంటేనే తోమించినట్టు. ఇలాంటివి అర్థాన్నే తిప్పేస్తాయి. ముందు వీటి సంగతి చూడాలి.

మాస్టారు: కళ్లాపి చల్లి ముగ్గేయడానికి ఏం చెప్పావు?

సరళ: నీళ్లు చల్లడానికి ‘స్ప్రింకిల్’. ముగ్గుని ముగ్గనే అని, బియ్యప్పిండితో వేస్తామని ఒక ముక్క చేర్చమన్నాను.

మాస్టారు: అది బాగుంది. కానీ ఐఈఎల్‌టీఎస్ ఇంగ్లీషు పరీక్ష రాసే పిల్లలూ నీ దగ్గరికి వస్తున్నారు. మాట్లాడే పరీక్షలో పదసంపదకి పావు వంతు మార్కులు.

సరళ: వ్యాకరణానికీ పావు వంతే, ధారాళంగా మాట్లాడటానికీ పావు వంతే. పరీక్ష 11 నుంచి 14 నిమిషాలు. మాటమాటకీ అడ్డుపడి నోరు కట్టేస్తే అంతసేపు ఏం మాట్లాడతారు?

మాస్టారు: మాట్లాడేటప్పుడు అడ్డుపడొద్దు. కాగితం మీద మాత్రం ‘వెసెల్స్’ పక్కన ‘డిషెస్’ అని రాయి. పరాయి ఊళ్లో వాళ్లు తడబడకూడదనే నా బాధ.

సరళ: రాస్తాను మాస్టారూ. ‘వెసెల్స్’ మీద మాత్రం గీత గీయను.