వ్యాన్‌లో చలి రాత్రి: ఒంటరి జాగ్రత్త ఎందుకు చాలదు?

వ్యాన్‌నే ఇల్లుగా చేసుకున్నవారికి శీతాకాలంలో చలి ఎంత ప్రమాదమో, ఆ చలిని తట్టుకోవడానికి వెలిగించుకునే మంట కూడా అంతే ప్రమాదం. ఈ సంగతి వారిలో చాలామందికి తెలిసినా, మూసిన వాహనాల్లో నిద్రలోనే ప్రాణాలు పోవడం ఆగడం లేదు. ఆ మరణాలను అజాగ్రత్త ఖాతాలో రాసి ఊరుకోవడం అన్యాయం. గాలి చాలక మంట సరిగా మండనప్పుడు పుట్టే విషవాయువు కార్బన్ మోనాక్సైడ్ తొలుత దెబ్బతీసే వాటిలో మనిషి విచక్షణ ఒకటి. అవసరమైన క్షణంలో జాగ్రత్తపడే శక్తినే అది హరిస్తుంది కాబట్టి, భారమంతా ఆ ఒక్క మనిషి మీద వేసే సలహా ఎంత మంచిదైనా సగంలోనే ఆగిపోతుంది.

రంగూ వాసనా లేని ఈ వాయువు రక్తంలో ఆక్సిజన్‌ను మోసే హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా బలంగా అంటిపెట్టుకుంటుంది. తలనొప్పి, కళ్లు తిరగడం, వికారం, నీరసం వంటి తొలి లక్షణాలు జ్వరం లేని ఫ్లూలా ఉంటాయి. అలసట వల్లనేమో అనుకుని మనిషి పడుకుంటాడు. నిజానికి అప్పుడు చేయకూడని పని అదే.

పొగగొట్టం లేని ప్రొపేన్ హీటర్ మంట నుంచి వచ్చేదంతా మనం పీల్చే గాలిలోకే వస్తుంది. కిలో ప్రొపేన్ మండితే సుమారు 1.6 కిలోల నీటి ఆవిరి పుడుతుంది. అది చల్లని రేకు గోడల మీద నీరై కారి, పరుపునూ దుప్పట్లనూ తడిపి, మళ్లీ చలినే పెంచుతుంది. ఇలాంటి హీటర్లలో చాలావాటికి, గాలిలో ఆక్సిజన్ దాదాపు 18 శాతానికి పడిపోతే మంటను ఆర్పే ఏర్పాటు ఉంటుంది. దాన్ని చూసి చాలామంది ధైర్యపడతారు గానీ, అది కొలిచేది ఆక్సిజన్‌నే తప్ప కార్బన్ మోనాక్సైడ్‌ను కాదు. డీజిల్ హీటర్‌లో మంట విడి అరలో మండి, పొగ బయటికి పోతుంది కనుక అది మెరుగైనదే. అయితే పొగగొట్టం అతుకు వదులైనా, దాని మూతి వాహనం అంచు దాటకుండా అడుగునే ఆగినా, మంచు పేరుకుని మూసుకుపోయినా ఆ మేలు మిగలదు. పక్కపక్కనే నిలిపిన రెండు వ్యాన్లలో ఒకదాని పొగ మరొకదాని గాలి కిటికీ వైపు తిరిగి ఉంటే, హీటరే లేనివారికీ ముప్పు తప్పదు. ఇక బొగ్గుల కుంపటిని వాహనంలో పెట్టుకోవడానికి సురక్షితమైన పద్ధతంటూ లేదు.

కార్బన్ మోనాక్సైడ్ అలారం తప్పనిసరి. వాహనాల కోసం ఉద్దేశించిన ఈఎన్ 50291-2 అనే యూరప్ ప్రమాణం వంటిదానికి తగినది కొని, దాని సెన్సార్ గడువు తేదీ చూసుకోవాలి. దాన్ని పడుకున్నప్పుడు తల ఉండే ఎత్తుకు దగ్గరగా అమర్చడం మంచిది. ప్రొపేన్ గాలి కంటే ఒకటిన్నర రెట్లు బరువు కాబట్టి, గ్యాస్ లీకును పట్టే అలారం నేలకు దగ్గరగా ఉండాలి. ఇవి రెండూ వేర్వేరు పరికరాలు.

అయితే పరికరాలతో తీరని చిక్కు ఒకటుంది. రాత్రిపూట వాహనంలో నిద్రపోవడాన్ని నిషేధించే చోట్ల, వెలుతురు బయటికి కనబడకూడదని కిటికీలు కప్పేసి, గాలి సందులు మూసి, తోటివారికి దూరంగా బండి నిలుపుకుంటారు. తరిమేస్తారన్న భయం గాలినీ పొరుగునూ ఒకేసారి దూరం చేస్తుంది. సురక్షితంగా రాత్రి గడపగల స్థలం చూపకుండా వారిని అక్కడి నుంచి ఇక్కడికి, ఇక్కడి నుంచి మరోచోటికి వెళ్లగొట్టే యంత్రాంగానికి ఈ ప్రమాదంలో వాటా ఉంది.

అందుకే ఒకరికొకరు తోడుండటాన్ని నేను మర్యాదగా కాక, రక్షణ ఏర్పాటుగానే చూస్తాను. పొద్దున ఫలానా వేళకు సందేశం పంపుకోవాలని, రాకపోతే వచ్చి తలుపు తట్టాలని, పలకకపోతే తలుపు తెరవాలని ముందే మాట్లాడుకోవాలి; మారు తాళంచెవి నమ్మకమున్నవారి దగ్గర ఉంచాలి. హీటర్ బిగించడం తెలిసినవారు కొత్తగా వచ్చినవారి బండి చూసిపెట్టాలి, కానీ వారిని చిన్నబుచ్చకూడదు. ఒకసారి సిగ్గుపడ్డ మనిషి రెండోసారి అడగడు. చలికి వణికేవారికి పాత గ్యాస్ హీటర్ ఇచ్చేయడం దయే అయినా, అలారం లేకుండా ఇస్తే ఆ దయే ప్రాణం మీదికి తెస్తుంది. మందపాటి స్లీపింగ్ బ్యాగ్, వేడినీళ్ల సీసా ముందు ఇవ్వాలి, ఎందుకంటే వ్యాన్‌లోని గాలినంతా వేడిచేయడం కంటే ఒంటిని వెచ్చగా ఉంచడం తేలిక.

తలుపు తట్టినా పలకకపోతే తలుపులన్నీ తెరిచి, లోపల ఎక్కువసేపు ఉండకుండా మనిషిని బయటికి తెచ్చి, అత్యవసర సేవలకు ఫోన్ చేయాలి. హీటర్ వెలుగుతోందన్న మాట తప్పక చెప్పాలి. వేలికి పెట్టే పల్స్ ఆక్సీమీటర్‌ను నమ్మకూడదు, అది కార్బన్ మోనాక్సైడ్ అంటుకున్న రక్తాన్ని కూడా ఆక్సిజన్ నిండిన రక్తంగానే చూపుతుంది. తేరుకున్న మనిషి బాగానే ఉన్నానన్నా ఆసుపత్రికి పంపాలి. మామూలు గాలి పీలిస్తే రక్తంలోని ఈ వాయువు సగానికి తగ్గడానికి నాలుగైదు గంటలు పడుతుంది, స్వచ్ఛమైన ఆక్సిజన్ ఇస్తే సుమారు గంటన్నరలోపే తగ్గుతుంది.